27 ఏళ్ల ప్రవాసం, చోళ సైన్యంతో తిరిగిరాక: వేంగి సింహాసనం కోసం శక్తివర్మ అడిగిన సాయానికి ఎంత ఖరీదు పడింది?

వేంగీ చాళుక్యుల రాగి శాసనాల్లో వంశావళి ఒకే పద్ధతిలో సాగుతుంది. ఫలానా రాజు, అతని కొడుకు, వాళ్లు ఏలిన ఏళ్లు. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు అని మొదలై, ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంటూ దానార్ణవుడు 3 ఏళ్లు అనే దాకా వస్తుంది. అక్కడ లెక్క తప్పుతుంది. దానార్ణవుడి తర్వాత, దైవం అనుకూలించక 27 ఏళ్ల పాటు వేంగి దేశానికి నాయకుడు లేకుండా పోయాడని, ఆపైన దానార్ణవుడి కొడుకు శక్తివర్మ 12 ఏళ్లు పాలించాడని శాసనాలు చెబుతాయి.

నిజానికి ఆ 27 ఏళ్లూ వేంగికి రాజు ఉన్నాడు. బలమైన రాజు. పేరు జటాచోడ భీముడు. అతన్ని రాజుగా ఒప్పుకోవడం ఇష్టం లేని చాళుక్యులు, తిరిగి గద్దెనెక్కాక తమ శాసనాల్లోంచి అతని పేరునే తీసేశారు. ఆ 27 ఏళ్లు శక్తివర్మ, అతని తమ్ముడు విమలాదిత్యుడు పరాయి రాజ్యాల్లో తలదాచుకున్నారు. చివరికి తంజావూరు చోళుల అండతో క్రీ.శ. 1000 ప్రాంతంలో తిరిగొచ్చారు. తెలుగు నేల మీద ప్రవాసంలో ఉన్న రాకుమారుడు బయటి సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చి సింహాసనం దక్కించుకున్న ఉదంతాల్లో ఇంత దూరం ప్రభావం చూపింది మరొకటి లేదు.

ఇంటి గొడవ, బయటి సైన్యం

బయటివాళ్లను పిలవడం శక్తివర్మతో మొదలు కాలేదు. బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624లో స్థాపించిన ఈ రాజ్యానికి, నేటి ఏలూరు దగ్గరి పెదవేగి పేరు మీదే వేంగి అనే పేరు వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాలు, ఓడరేవులు ఉన్న సంపన్నమైన నేల. పడమట రాష్ట్రకూటులు, ఉత్తరాన కళింగ గాంగులు, దక్షిణాన చోళులు. వేంగిలో వారసత్వ తగాదా వచ్చిన ప్రతిసారీ వీళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక పక్షాన చేరేవారు.

945లో రాజైన రెండవ అమ్మరాజు అనుభవమే చూడండి. దాయాది బాదపుడు రాష్ట్రకూట మూడవ కృష్ణుడి సాయంతో అతన్ని కొంతకాలం గద్దె దింపాడు. బాదపుడి ఆరుంబాక శాసనం ఈ సంగతిని దాచుకోలేదు. అమ్మరాజు సవతి సోదరుడు దానార్ణవుడు కూడా ఇదే దారి పట్టాడు. కృష్ణుడికి భయపడి అమ్మరాజు కళింగానికి వెళ్లాడని, అప్పుడు వల్లభుడి చేతుల మీదుగా తనకు రాజ్యం దక్కిందని దానార్ణవుడి మాంగల్లు శాసనం చెబుతుంది. వల్లభుడంటే రాష్ట్రకూట చక్రవర్తి. అమ్మరాజు మళ్లీ తిరిగొచ్చి పాలించాడు. 970లో అతన్ని చంపి దానార్ణవుడు పూర్తిగా రాజయ్యాడని చరిత్రకారులు చెబుతారు.

దానార్ణవుడు చేసిన పొరపాటు ఏమిటంటే, తన బలమంతా ఎవరి మీద ఆధారపడి ఉందో ఆ రాష్ట్రకూటులు కూలిపోతున్నారన్న సంగతి గమనించకపోవడం. 972లో మాళవ పరమార రాజు సీయకుడు రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటాన్ని కొల్లగొట్టాడు. 973లో రెండవ తైలపుడు వాళ్లను తోసేసి కల్యాణి చాళుక్య రాజ్యానికి పునాది వేశాడు. అదే 973లో జటాచోడ భీముడు దానార్ణవుడిని చంపి వేంగిని ఆక్రమించాడు. రెండు ఘటనలూ ఒకే ఏడాది జరగడం కాకతాళీయమని అనుకోలేం. కాపలాదారు పోయిన ఇల్లది.

భీముడు పెదకల్లు ప్రాంతాన్ని ఏలిన తెలుగు చోడ వంశీకుడు. నేటి కర్నూలు ప్రాంతం. హతుడైన అమ్మరాజుకు బావమరిది కూడా. కాబట్టి అతని వైపు నుంచి చూస్తే ఇది చెల్లెలి కాపురం కూల్చిన వాడి మీద ప్రతీకారం. చాళుక్యుల వైపు నుంచి చూస్తే రాజద్రోహం. దానార్ణవుడి కొడుకులిద్దరికీ పారిపోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఎవరి తలుపు తట్టాలి?

ప్రవాసంలో ఉన్న రాకుమారుడికి చేతిలో ఉండేది ఒక్కటే, తన పేరు. సైన్యం ఉండదు, ధనం ఉండదు, ఇవ్వడానికి భూమి ఉండదు. ఆ పేరుతో పని ఉన్నవాడు దొరికే దాకా ఎదురుచూడాలి. రాకుమారులు మొదట కళింగాన్ని ఆశ్రయించారని చరిత్రకారుల అభిప్రాయం. ఆశ్రయమిచ్చిన వాడికి అది కలిసిరాలేదు. భీముడు కళింగం మీదికి దండెత్తి గాంగ రాజు కామార్ణవుడిని చంపాడు. బలహీనుడి దగ్గర దాక్కుంటే ఆశ్రయం అడిగినవాడితో పాటు ఇచ్చినవాడూ నష్టపోతాడని తేలిపోయింది.

మిగిలింది తంజావూరు. అయితే 973 నాటి చోళులు తర్వాతి కాలపు చోళులు కారు. 949లో తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూటుల చేతిలో చావుదెబ్బ తిని, కోల్పోయిన ఉత్తరపు జిల్లాలను ఒక్కొక్కటే కూడగట్టుకుంటున్న రోజులవి. 985లో మొదటి రాజరాజ చోళుడు గద్దెనెక్కాక లెక్క మారింది. అప్పటికి రాకుమారుల ప్రవాసానికి 12 ఏళ్లు నిండాయి. అయినా రాజరాజు వెంటనే వేంగి వైపు కదల్లేదు. పాండ్యులు, చేరులు, లంక, గంగవాడి, నొళంబవాడి... ముందు ఈ పనులు చూసుకున్నాడు. శక్తివర్మ ఆ యుద్ధాలన్నీ ముగిసే దాకా ఆగాల్సి వచ్చింది.

రాజరాజు చివరికి ఎందుకు కదిలాడు? ఒక రాకుమారుడికి న్యాయం చేయాలనే కారణం ఒక్కటే అయితే 985 తర్వాత అంత కాలం పట్టేది కాదు. భీముడి పలుకుబడి మహేంద్రగిరి నుంచి దక్షిణంగా కంచి పొలిమేరల దాకా పాకింది. తక్కోలం తర్వాత చోళులు ఎంతో కష్టపడి తిరిగి సంపాదించుకున్న తొండైమండలానికి అది నేరుగా ముప్పు. ఇక పడమట కల్యాణి చాళుక్యులు రాష్ట్రకూటుల స్థానంలోకి వచ్చారు. తూర్పు తీరంలో తనకు అణగిమణగి ఉండే రాజు ఒకడుంటే వాళ్లను రెండు వైపుల నుంచి బిగించవచ్చు. గద్దె మీద కూర్చోబెట్టడానికి తగిన వారసుడు అప్పటికే తన కొలువులో ఉన్నాడు. సరిహద్దు భయం, పడమటి శత్రువు, సిద్ధంగా ఉన్న వారసుడు, మూడూ ఒకచోట కలిసినప్పుడే చోళ సైన్యం ఉత్తరానికి నడిచింది.

ఒకే యుద్ధం, రెండు కథనాలు

దాడి 999 ప్రాంతంలో జరిగింది. దాన్ని ఎవరు ఎలా రాసుకున్నారో చూస్తే ఆ ఒప్పందం స్వభావం బయటపడుతుంది.

శక్తివర్మ పభుపర్రు శాసనం గెలుపునంతా అతని ఖాతాలోనే వేస్తుంది. భీముడి పక్షాన నిలిచిన ఏకవీరుడనే యోధుణ్ణి, తర్వాత బద్దెమ, మహారాజు అనే వీరులను శక్తివర్మే మట్టుబెట్టాడు. జటాచోడుణ్ణి చెట్టును పెకలించినట్టు పెకలించాడు. సాయం చేసిన చోళ చక్రవర్తికి అందులో పెద్ద పాత్రేమీ కనిపించదు.

రాజరాజు తమిళ శాసనాల్లోని బిరుదావళి చదివితే కథ ఇంకోలా ఉంటుంది. గంగపాడి, నొళంబపాడి, తడిగైపాడి, కొల్లం, కళింగం, ఈళమండలం, వీటి మధ్యలో వేంగైనాడు. అంటే వేంగి దేశం. స్నేహితుడికి తిరిగి ఇప్పించిన రాజ్యంగా కాక, తాను గెలుచుకున్న దేశాల్లో ఒకటిగానే ఆ పేరు అక్కడుంది. శక్తివర్మ దృష్టిలో అది తన తండ్రి గద్దె. తంజావూరు లెక్కలో అది జయించిన నాడు. ఆ తర్వాత 70 ఏళ్ల వేంగి చరిత్రంతా ఈ రెండు లెక్కల మధ్య తగువే.

యుద్ధం ఒక్క దెబ్బతో ముగియలేదు. కళింగం వైపు తప్పుకున్న భీముడు చోళ సైన్యం వెనుదిరగగానే విరుచుకుపడ్డాడు. ఈసారి వేంగితో ఆగకుండా చోళ రాజ్యంలోకే చొచ్చుకుపోయి కంచిని పట్టుకున్నాడు. కంచి కైలాసనాథ ఆలయంలో తన శాసనం కూడా వేయించాడు. చాళుక్యులు రాజే కాడన్న మనిషి గురించి చెప్పే ముఖ్యమైన ఆధారం, అతన్ని ఓడించిన వాళ్ల ఊళ్లోనే మిగిలింది. రాజరాజు మళ్లీ సైన్యం నడిపి అతన్ని తరిమేశాక గానీ శక్తివర్మ సింహాసనం కుదుటపడలేదు. చోళ సైన్యం దూరంగా ఉంటే తన గద్దె ఎన్నాళ్లు నిలుస్తుందో శక్తివర్మకు అప్పుడే అర్థమై ఉండాలి.

అలాగని శక్తివర్మను కీలుబొమ్మ అని కొట్టిపారేయలేం. 'చాళుక్యచంద్ర' బిరుదుతో, వరాహ చిహ్నంతో అతను వేయించిన బంగారు నాణేలు బర్మా అరకాన్ తీరంలోని చెదుబా దీవిలో, సయాంలో దొరికాయి. రేవుల వ్యాపారం సాగిందనడానికి, దేశం కోలుకుందనడానికి అవి సాక్ష్యం. నాణెం మీద ఉన్నదీ చోళుల పులి కాదు, చాళుక్యుల పందే.

పెళ్లితో బిగిసిన ముడి

సైనిక సాయాన్ని శాశ్వతమైన బంధంగా మార్చింది పెళ్లి. రాజరాజు తన కూతురు కుందవను శక్తివర్మ తమ్ముడు విమలాదిత్యుడికి ఇచ్చాడు. 'పొన్నియిన్ సెల్వన్' చూసినవారు తికమక పడకూడదు. అందులోని కుందవ రాజరాజుకు అక్క. ఆ అక్క పేరే అతను కూతురికి పెట్టుకున్నాడు.

1011లో విమలాదిత్యుడు రాజయ్యాడు. తిరువయ్యారు ఆలయానికి అతను వెండి పాత్రలు సమర్పించినట్టు రాజరాజు 29వ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. అంటే వేంగి రాజు చోళ దేశంలో, మామగారి పాలనా సంవత్సరం లెక్కన కానుకలు ఇస్తున్నాడన్నమాట. కుందవకు పుట్టిన కొడుక్కి తాతగారి పేరే పెట్టారు. అతనే రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత మహాభారతాన్ని తెలుగు చేయించిన రాజమహేంద్రవరం ప్రభువు. ఆదికవిని పోషించిన రాజు తంజావూరు బృహదీశ్వరాలయం కట్టించిన రాజుకు కూతురి కొడుకన్న సంగతి సాహిత్య చరిత్రలో తగినంతగా చెప్పుకోరు.

అయితే విమలాదిత్యుడికి ఇంకో భార్య ఉంది, మేళమ. ఆమె కొడుకు విజయాదిత్యుడు. ఇద్దరు తల్లులు, ఇద్దరు కొడుకులు, ఒకే గద్దె. పాత కథ మళ్లీ మొదలవడానికి కావలసినవన్నీ సిద్ధమయ్యాయి. ఒక కొడుక్కి చోళ మేనమామ అండగా ఉంటే, రెండోవాడు సహజంగానే చోళుల శత్రువు దగ్గరికి వెళ్తాడు.

యుద్ధభూమిగా మారిన డెల్టా

శక్తివర్మ గద్దెనెక్కిన ఆరేళ్లకే సాయం ఖరీదు కనిపించడం మొదలైంది. వేంగి చోళుల గొడుగు కిందికి వెళ్లడాన్ని కల్యాణి చాళుక్యులు సహించలేదు. 1006లో సత్యాశ్రయుడి సేనాని బాయలనంబి కృష్ణా తీరంలోకి చొరబడి ధరణికోట, యనమదల కోటలను తగలబెట్టి, గుంటూరు దగ్గరి చేబ్రోలులో శాసనం వేయించాడు. దానికి జవాబుగా రాజరాజు కొడుకు రాజేంద్రుడు పడమటి చాళుక్య దేశం మీద పడ్డాడు. 1007 నాటి హొట్టూరు శాసనం, 9 లక్షల సైన్యంతో వచ్చిన చోళుడు ఊళ్లను పాడుచేసి, ఆడవాళ్లను, పిల్లలను, బ్రాహ్మణులను కూడా విడిచిపెట్టలేదని వాపోతుంది. 9 లక్షలన్నది శాసనకవి అంకె. కానీ బాధ నిజం. వేంగి గద్దె మీద ఎవరుండాలన్న గొడవలో ధార్వాడ ప్రాంతపు రైతు ఇల్లు కాలింది.

1018లో విమలాదిత్యుడు చనిపోయాక విజయాదిత్యుడు కల్యాణి రాజు జయసింహుడి సాయంతో రాజ్యానికి అడ్డుపడ్డాడు. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి నాలుగేళ్లు పట్టింది. మేనమామ రాజేంద్ర చోళుడి సైన్యం దారి చేశాక 1022 ఆగస్టు 16న అది జరిగింది. రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవినే నరేంద్రుడు పెళ్లాడాడు. రెండో తరంలోనూ అదే వియ్యం.

ఆ రోజుల్లో చిందిన నెత్తురుకు కలిదిండి రాగి శాసనం సాక్ష్యం. నరేంద్రుడి పక్షాన కర్ణాట సైన్యంతో తలపడి ముగ్గురు చోళ సేనానులు చనిపోయారు. రాజరాజ బ్రహ్మమహారాజు, ఉత్తమచోడ చోళకోన్, ఉత్తమచోడ మిలాడుడైయాన్. వాళ్ల జ్ఞాపకార్థం కలిదిండిలో నరేంద్రుడు మూడు శివాలయాలు కట్టించి ఊళ్లు దానమిచ్చాడు. పక్క దేశం సేనానుల పేరు మీద తన గడ్డపై గుళ్లు కట్టించిన రాజు కృతజ్ఞుడే. తన సింహాసనం ఎవరి ప్రాణాల మీద నిలబడిందో తెలిసినవాడు కూడా.

నరేంద్రుడి 41 ఏళ్ల పాలన ప్రశాంతంగా గడిచిందని నన్నయను బట్టి అనుకుంటే పొరపాటు. 1031 ప్రాంతంలో విజయాదిత్యుడు అతన్ని కొన్నేళ్లు గద్దె దింపాడు. 1042 తర్వాత కల్యాణి మొదటి సోమేశ్వరుడి ఒత్తిడి పెరిగింది. నరేంద్రుడు ఒకసారి చోళుల వైపు, ఇంకోసారి కల్యాణి వైపు ఒదిగి ఉండాల్సి వచ్చింది. మహాభారతంలో మొదటి భాగం తెలుగులోకి వచ్చింది ఇలాంటి రాజసభలోనే. దాయాదుల పోరు కథ వినడానికి నరేంద్రుడికి ఉన్నంత సొంత కారణం ఇంకెవరికి ఉంటుంది?

సముద్రం అడ్డున్న చోట

ఇదే దక్షిణాసియాలో ఇంకో ప్రవాస రాకుమారుడికి వేరే ఫలితం దక్కింది. సింహళ రాజు రెండవ కస్సపుడి కొడుకు మానవమ్మ 7వ శతాబ్దంలో కంచి పల్లవ రాజు నరసింహవర్మ కొలువు చేరాడు. యుద్ధంలో పల్లవుడి పక్కన నిలబడి నమ్మకం సంపాదించాడు. మొదటిసారి పల్లవ సైన్యంతో లంకకు వెళ్లి, ఆ సైన్యం మధ్యలో వెనక్కి రావడంతో విఫలమయ్యాడు. ఏళ్ల తరబడి ఆగి, రెండోసారి పల్లవ ఓడల్లో వెళ్లి అనురాధపురం గద్దెనెక్కాడు. 'చూళవంశం' చెప్పే కథ ఇది.

పల్లవులు లంకలో ఉండిపోలేదు. మానవమ్మ వంశం దాదాపు మూడు శతాబ్దాలు అనురాధపురాన్ని ఏలింది. తేడా కృతజ్ఞతలో లేదు, భూగోళంలో ఉంది. మధ్యలో సముద్రం ఉంది. ప్రతి ఏడూ సైన్యాన్ని దాటించడం తేలిక కాదు, కాపలా పెట్టడం లాభసాటి కాదు. తంజావూరుకూ వేంగికీ మధ్య అలాంటి అడ్డేమీ లేదు. తీరం వెంబడి దారి, దారిపొడవునా పంటలు. పైగా వేంగి వెనుక చోళులు భయపడే కల్యాణి ఉంది. వచ్చిన సైన్యం తిరిగి వెళ్లడానికి కారణమేదీ లేదు.

మనవడి ఎత్తు

1061లో నరేంద్రుడు చనిపోగానే విజయాదిత్యుడు వేంగిని చేజిక్కించుకున్నాడు. న్యాయంగా రావలసింది నరేంద్రుడికీ అమ్మంగదేవికీ పుట్టిన రాజేంద్రుడికి. అంటే శక్తివర్మ తర్వాత రెండు తరాలకు మళ్లీ ఒక వేంగి రాకుమారుడు గద్దె లేకుండా మిగిలాడు. ఈసారి చోళులు ఏం చేశారు?

వీరరాజేంద్ర చోళుడు 1067 ప్రాంతంలో బెజవాడ దగ్గర కల్యాణి సైన్యాన్ని ఓడించి వేంగిని తిరిగి పట్టుకున్నాడు. పట్టుకుని మేనల్లుడికి ఇవ్వలేదు. తన కాళ్ల దగ్గరికి వచ్చిన విజయాదిత్యుడికే ఇచ్చాడు. 50 ఏళ్లుగా చోళులతో పోరాడిన మనిషికి! నెత్తురు బంధం, రెండు తరాల వియ్యం, ఏదీ పనిచేయలేదు. ఆ రోజుకు తంజావూరుకు ఎవరు పనికొస్తే వాళ్లదే వేంగి. 70 ఏళ్ల కిందట శక్తివర్మకు సాయం దొరికిందీ ఇదే సూత్రం మీద.

రాజేంద్రుడు ఆ పాఠం బాగానే నేర్చుకున్నట్టున్నాడు. సాయం అడగలేదు. 1070లో వీరరాజేంద్రుడు చనిపోయి, అతని కొడుకు అధిరాజేంద్రుడు కొద్ది వారాలకే హతుడయ్యాక, అదే ఏడాది జూన్‌లో చోళ సింహాసనమే ఎక్కాడు. చరిత్ర అతన్ని మొదటి కులోత్తుంగ చోళుడిగా ఎరుగుతుంది. కల్యాణి ఆస్థాన కవి బిల్హణుడికి ఇది అస్సలు నచ్చలేదు. అతని 'విక్రమాంకదేవ చరితం'లో కులోత్తుంగుడు 'రాజిగ', వేంగి నుంచి వచ్చి గద్దె కాజేసినవాడు. తమిళ కవి జయంగొండార్ 'కలింగత్తుప్పరణి'కి మాత్రం అతను లోకాన్ని ఉద్ధరించడానికి వచ్చిన విష్ణువే.

దానార్ణవుడి మునిమనవడు చోళ చక్రవర్తి అయ్యాడు. వినడానికి వేంగి గెలిచినట్టే ఉంటుంది. జరిగింది వేరు. కులోత్తుంగుడు గంగైకొండచోళపురం నుంచి పాలించాడు, వేంగి అతని సామ్రాజ్యంలో ఒక రాష్ట్రమైపోయింది. 1075 ప్రాంతంలో విజయాదిత్యుడు చనిపోయాక అక్కడికి తన కొడుకులను ప్రతినిధులుగా పంపాడు. మొదట వెళ్లిన రాజరాజ ముమ్మడిచోడుడు ఒక్క ఏడాదికే తిరిగొచ్చేశాడు. తల్లిదండ్రుల పాదసేవలో ఉన్న సుఖం రాజ్యం ఏలడంలో లేదని అతను భావించినట్టు చెల్లూరు శాసనం రాస్తుంది. ముత్తాత అన్న శక్తివర్మ 27 ఏళ్లు ఎదురుచూసి సంపాదించిన గద్దె అది. 1078లో తమ్ముడు వీరచోడుడు ఆ బాధ్యత తీసుకున్నాడు.

1118లో, వేంగిని చూస్తున్న విక్రమచోళుడిని వారసత్వం కోసం తండ్రి దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఆ ఖాళీలో కల్యాణి ఆరవ విక్రమాదిత్యుడి సేనాని అనంతపాలుడు వేంగిని ఆక్రమించాడు. అప్పటి ద్రాక్షారామ శాసనాల్లో చోళ రాజుల పాలనా సంవత్సరాలు మాయమై, వాటి చోట చాళుక్య విక్రమ శకం కనిపిస్తుంది.